అత్తగారి తాత వేయించిన రోడ్డు

మా ఇంట్లో ఓ పెద్ద ఇత్తడి గుండిగ ఉంది. ఏడాది పొడుగునా అటక మీదే ఉంటుంది. సంక్రాంతి నాలుగు రోజులుందనగా కిందికి దింపి, చింతపండు పెట్టి తోమి, అరిసెల పాకం అందులోనే పడతాం. అనకాపల్లి వాళ్లం కదా, బెల్లం దగ్గర మాకు పిసినారితనం ఉండదు. ఆ గుండిగ దిగిన ప్రతిసారీ మా అత్తగారు ఒకటే మాట చెబుతారు.

“మా తాత మన్యంలో రోడ్డు వేయించినప్పుడు కొన్న గుండిగర్రా ఇది! నర్సీపట్నం నుంచి కొండ మీదికి రోడ్డు వేయించింది మా తాతే!”

నా పెళ్లయి పదహారేళ్లు. పదహారు సంక్రాంతులు ఈ మాట విన్నాను. ఏ రోడ్డు, ఎప్పుడు, ఎలా వేయించారు అని ఒక్కసారైనా అడగలేదు. పాకం ముదిరిపోతుందేమోనన్న కంగారులో ఎవరడుగుతారు చెప్పండి!

కిందటి డిసెంబరులో మావారికి మూడు రోజులు సెలవు కలిసొచ్చింది. “లంబసింగి వెళ్దామా? ఊళ్లూళ్ల వాళ్లంతా ఆంధ్రా కాశ్మీరని వచ్చి చూసిపోతున్నారు. గుమ్మం ముందున్న మనమే చూడలేదు” అన్నారు. పిల్లలు ఎగిరి గంతేశారు. ఆశ్చర్యం ఏమిటంటే అత్తగారు కూడా, “నేనూ వస్తా. మా తాత వేయించిన రోడ్డు చూడకుండానే పోతానేమో అనుకున్నా” అన్నారు. డెబ్బై రెండేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. అక్కడ చలి గడగడలాడిస్తుందని భయపెట్టాం. వింటేనా! రెండు శాలువాలు, మంకీ టోపీ, కొబ్బరినూనె సీసా సర్దుకుని అందరికంటే ముందు తయారైపోయారు.

చీకట్లో బయల్దేరాం

తెల్లవారుజామున మూడున్నరకి బండి కదిలింది. ఫ్లాస్కు నిండా టీ, డబ్బా నిండా పులిహోర. హైవే మీద కశింకోట దాటి, తాళ్లపాలెం దగ్గర నర్సీపట్నం రోడ్డులోకి తిరిగాం. రెండు పక్కలా చెరుకు తోటలు. మాకవరపాలెం దాటేదాకా పిల్లలు నిద్దరే.

నర్సీపట్నంలో టీ తాగడానికి ఆగినప్పుడు మా పాప లేచింది. పదో తరగతి. అల్లూరి సీతారామరాజు మీద స్కూల్లో ఏదో ప్రాజెక్టు చెయ్యమన్నారట. గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న లావుపాటి పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. “అమ్మా, మనం వెళ్తున్నది యుద్ధం జరిగిన చోటుకి తెలుసా? 1922 నుంచి 1924 దాకా. మనం దిగబోయే ఊళ్లన్నీ ఇందులో ఉన్నాయి” అంది.

నిజం చెప్పొద్దూ, అప్పటిదాకా నాకు లంబసింగి అంటే మంచు, ఫొటోలు, వేడివేడి పకోడీ. అంతే. అల్లూరి అంటే 1974లో వచ్చిన కృష్ణగారి సినిమా. ఆ సినిమా చాలావరకు చింతపల్లి ప్రాంతంలోనే తీశారు. అందులో పాటకే శ్రీశ్రీగారికి జాతీయ అవార్డు వచ్చింది.

“పెళ్లైన కొత్తలో చూశాను. కొంగు తడిసిపోయేలా ఏడ్చాను” అన్నారు అత్తగారు వెనక సీట్లోంచి. ఆ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం వస్తుంది.

మలుపు మలుపుకీ మంచు

నర్సీపట్నం నుంచి లంబసింగి దాదాపు ముప్ఫై కిలోమీటర్లు. డౌనూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. బండి దీపాల ముందు మంచు పొగలా కదులుతోంది. ఒక మలుపు తిరిగితే లోయ, ఇంకో మలుపు తిరిగితే కొండ గోడ. అద్దం కాస్త దించితే చాలు, చెంపల మీద చల్లని చెయ్యి పెట్టినట్టుంది. ఎక్కడో కింద కోడి కూస్తోంది. ఊరు మాత్రం కనిపించదు.

పైకి వెళ్లేకొద్దీ వెలుగొచ్చింది. మంచు కింద లోయలోకి జారి, మేం దానికి పైన ఉండిపోయాం. పాల గిన్నె అంచున నిలబడి పొంగు చూస్తున్నట్టుంది! కొండల కొసలు మాత్రం ఆ తెల్లదనంలోంచి పైకి లేచి ఉన్నాయి. మా బాబు నోరు తెరిచి, “అమ్మా, మబ్బులు కింద పడిపోయాయి” అన్నాడు. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, వాటికి చుట్టుకుని మిరియాల తీగలు, నీడలో కాఫీ మొక్కలు. ఎర్రగా పండిన కాఫీ కాయలు. అరకు వ్యాలీ అరబికా పేరుతో 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కాఫీ ఈ మన్యం కొండల మీదిదే.

అత్తగారు అద్దానికి ముఖం ఆనించి రోడ్డే చూస్తున్నారు. మలుపు వచ్చినప్పుడల్లా, “అబ్బ, ఎలా వేయించాడో! యంత్రాలా పాడా ఆ రోజుల్లో” అంటున్నారు. ఆ గొంతులో గర్వం చూస్తే నాకూ ముచ్చటేసింది.

అప్పుడే మా పాప పుస్తకంలోంచి తల ఎత్తకుండా, “మామ్మా, మీ తాతగారు ఏ సంవత్సరంలో వేయించారు?” అని అడిగింది.

“ఏమో తల్లీ. మా అమ్మ పుట్టకముందు. తెల్లదొరల కాలం.”

“అయితే ఇదేనేమో చూడు” అని చదవడం మొదలుపెట్టింది.

ఆరణాలకి రెండణాలు

మన్యం తిరుగుబాటు ఒక్కరోజులో పుట్టింది కాదు. కొండవాళ్లకి పోడు వ్యవసాయమే బతుకు. కొండవాలులో పొదలు నరికి, కాల్చి, ఆ బూడిదలో చోళ్లు, సామలు, కందులు చల్లుకునేవాళ్లు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవి సర్కారుదైంది. పోడు నేరమైంది. పశువుల్ని మేపుకున్నా, వంటచెరుకు తెచ్చుకున్నా ఎవరో ఒకరి చెయ్యి తడపాల్సిందే. అంతకుముందే 1879లో, ఆ తర్వాత 1915–16లో లాగరాయి దగ్గర మన్యం తిరగబడింది. ఈ తిరుగుబాట్లనే జనం ఫితూరీలన్నారు.

1920 ప్రాంతంలో గూడేనికి బాస్టియన్ అని ఒక డిప్యూటీ తహసీల్దారు ఉండేవాడు. నర్సీపట్నం వైపు నుంచి లంబసింగి, చింతపల్లి దిశగా ఘాట్ రోడ్లు వేయించే పని అతని చేతిలో ఉండేది. కొండవాళ్లని ఇళ్లలోంచి పిలిపించి రాళ్లు మోయించారు. కూలి ఆరణాలు ఇవ్వాల్సిన చోట రెండణాలు ఇచ్చేవాళ్లని, ఒక్కోసారి అదీ ఉండేది కాదని, రానివాళ్లని కొట్టేవాళ్లని చరిత్రకారులు రాశారు. అడిగినవాళ్ల పదవులు పోయాయి. అలా పదవి పోగొట్టుకున్న బట్టిపనుకుల గాం గంటం దొర, అతని తమ్ముడు మల్లు దొర తర్వాత అల్లూరికి కుడిభుజం, ఎడమభుజం అయ్యారు.

పాప ఇదంతా బడిలో పాఠం చదివినట్టు గడగడా చదివేసింది. బండిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అది మామూలు నిశ్శబ్దం కాదని నాకు తెలుస్తూనే ఉంది.

“మా తాత అలాంటివాడు కాదు” అన్నారు అత్తగారు చివరికి. “లెక్కలు రాసేవాడు, అంతే. గుమాస్తా. ఒకళ్ల జోలికి వెళ్లే మనిషి కాడు.”

రోడ్డు వేయించిన తాతగారు ఒక్క కిలోమీటరులో గుమాస్తా అయిపోయారు. మావారు అద్దంలోంచి నా వైపు చూశారు. నేను పాపతో, “చాలమ్మా, చీకట్లో చదివితే కళ్లు పాడవుతాయి” అన్నాను. అప్పటికే తెల్లగా తెల్లారిపోయింది!

లంబసింగిలో ఓ మాట

లంబసింగిని స్థానికులు కొర్రబయలు అంటారు. చలికి రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కట్టెలా బిగుసుకుపోతాడని ఆ పేరు. సముద్ర మట్టానికి మూడువేల అడుగుల పైనే ఉంటుంది. డిసెంబరు, జనవరిల్లో కొన్ని తెల్లవారుజాముల్లో చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగిపోతుంది. మేం వెళ్లేసరికే రోడ్డు పక్కంతా బళ్లు, గుడారాలు, చలిమంటలు. సెల్‌ఫోన్లో పాటలు పెట్టి గంతులేస్తున్న కుర్రాళ్లు. గడ్డి మీద మంచు ఎంత తెల్లగా ఉందో, దాని మీద పడేసిన ప్లాస్టిక్ ప్లేట్లూ అంత తెల్లగానే ఉన్నాయి. చూస్తే బాధేసింది.

రోడ్డు వారన ఓ పెద్దావిడ గోనె పరిచి రాజ్‌మా చిక్కుళ్లు, పసుపు కొమ్ములు, కొండచీపుర్లు అమ్ముతోంది. అరవై అయిదేళ్లుంటాయి. ముక్కుకి రెండు వైపులా ముక్కెరలు. ఎవరో అమ్మాయి అడక్కుండానే ఆవిడ ముఖానికి దగ్గరగా ఫోన్ పెట్టి ఫొటో తీసుకుపోయింది. ఆవిడ ఏమీ అనలేదు గాని ముఖం పక్కకి తిప్పుకుంది. నా చేతిలో అప్పటికే పైకెత్తిన ఫోనుంది. దించేసి సంచిలో పెట్టుకున్నాను. ఆవిడ చూసింది, చిన్నగా నవ్వింది. అలా మాటలు కలిశాయి.

కిలో రాజ్‌మా బేరం చేశాం. నిజానికి బేరం ఆడింది అత్తగారే. తూకం అయ్యాక, ఊరికే ఉండలేక కాబోలు, మెల్లిగా అన్నారు.

“ఈ రోడ్డు మా తాత వేయించాడమ్మా. తెల్లవాళ్ల కాలంలో.”

ఆవిడ చీపుర్లు కట్ట కడుతూనే తల ఊపింది. కోపం లేదు, వెటకారం లేదు. బియ్యం ధర చెప్పినంత మామూలుగా అంది.

“ఏయించినోలు మీవోలమ్మా. ఏసినోలు మావోలు.”

అత్తగారు కదల్లేదు.

“మా మామ్మ సెప్పీది” అందావిడ మళ్లీ. “కడుపుతో ఉండగానే రాళ్లు మోసిందట. కూసుంటే కొట్టీవోరట. ఆ కడుపు నిలవనేదు. తరవాత పుట్టినోడే మా అయ్య.”

నేను ఏమనాలో తెలియక, “ఇప్పుడు మీ వాళ్లకి బాగానే ఉంది కదమ్మా, రోడ్డూ అదీ...” అని ఏదో అన్నాను. ఇలాంటప్పుడు మన నోటికి వచ్చేవి ఇలాంటి మాటలే.

“మాకుంది. నా కూతుర్ని ఇచ్చిన ఊరికి నేదు. కొండ మీద. కాన్పు నొప్పులొస్తే డోలీ కట్టి మోసుకొచ్చారు, నలుగురు. దార్లోనే కనీసింది. పిల్లా తల్లీ బతికినారు, అదే సాలు.” ఆగి నవ్వింది. “ఆ రోజు రోడ్డు ఏయమంటే సచ్చినారు. ఈ రోజు రోడ్డు ఏయండ్రా బాబూ అని తిరగతన్నాం.”

డోలీ అంటే తెలియని వాళ్లకి చెబుతాను. పొడవాటి కర్రకి దుప్పటి గాని, పాత చీర గాని ఉయ్యాలలా కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి ఇద్దరు ముందూ వెనకా మోస్తారు. అలసిపోతే భుజం మార్చుకుంటారు. వాగులు దాటాలి, రాళ్ల మీంచి దిగాలి. మన్యంలో అంబులెన్సు వెళ్లలేని గూడేల కోసం 2018లో ఫీడర్ అంబులెన్సులని మోటారు సైకిళ్లకి జత చేసినవి పెట్టారు. బండి చక్రం తిరగని చోట ఇప్పటికీ డోలీయే దిక్కు. ఆ వార్తలు పేపర్లో మనం చూస్తూనే ఉంటాం. చూసి, ‘అయ్యో పాపం’ అని పేజీ తిప్పేస్తాం.

అప్పుడు నాకొకటి అర్థమైంది. వాళ్లు కొట్లాడింది రోడ్డుతో కాదు. ఆ రోడ్డు వాళ్ల చేత వేయించారు గాని వాళ్ల కోసం వేయలేదు. అధికారులు ఎక్కడానికి, కలప దిగడానికి, పోలీసులు రావడానికి వేశారు. అందుకే అప్పుడు ఏడ్చారు. తమ కోసం వెయ్యమని ఇప్పుడు అడుగుతున్నారు. రెండిట్లోనూ కష్టం ఎక్కువ పడింది కడుపుతో ఉన్న ఆడదే.

చింతపల్లి, దామనపల్లి

లంబసింగి నుంచి చింతపల్లి ఇరవై కిలోమీటర్ల లోపే. దారిలో తాజంగి చెరువు. అద్దంలా ఉన్న నీళ్లలో కొండలు తలకిందులుగా కనిపిస్తున్నాయి. చలికి వణుకుతూనే పిల్లలు గట్టు మీద పరుగులు పెట్టారు. అత్తగారు దిగలేదు.

1922 ఆగస్టు 22న అల్లూరి దళం మొట్టమొదట పడింది చింతపల్లి పోలీసు స్టేషను మీదే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు, రెండున్నర వేల పైచిలుకు తూటాలు దొరికాయి. రాజవొమ్మంగిలో బంధించి ఉంచిన వీరయ్య దొరని విడిపించారు. తీసుకున్న ఆయుధాల లెక్క స్టేషను పుస్తకంలో రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లాడట అల్లూరి. ముందే కబురు పెట్టి దాడికి వస్తాడని, ఆ కబురు బాణానికి మిరపకాయ కట్టి పంపేవాడని, దాన్నే ‘మిరపకాయ టపా’ అనేవారని జనం చెప్పుకుంటారు.

చింతపల్లి దాటి గూడెం కొత్తవీధి వైపు వెళితే దామనపల్లి ఘాట్ ప్రాంతం. 1922 సెప్టెంబరు 24న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు బలగంతో ఆ ఇరుకు దారిలో వెళుతుండగా అల్లూరి దళం మాటు వేసింది. ముందు నడుస్తున్న మనవాళ్లని పోనిచ్చి, వెనక వస్తున్న తెల్ల అధికారులని మాత్రమే కొట్టారు. ఇద్దరూ చనిపోయారు. ఆ తర్వాత సర్కారు ఊరుకోలేదు. మలబారు స్పెషల్ పోలీసు దిగింది. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దిగింది. అల్లూరి తల మీద పదివేల రూపాయలు, గాం సోదరుల మీద వెయ్యేసి రూపాయలు ప్రకటించారు. ఆరణాల కూలి రోజుల్లో పదివేలంటే ఎంతో మీరే లెక్కేసుకోండి! అంత డబ్బు చూపించినా రెండేళ్ల దాకా దొరకలేదు.

ఈ కథలో నన్ను పట్టుకున్నది ఇంకొకటి. తిరుగుబాటుదార్లకి గింజ అందకుండా చెయ్యడం సర్కారు పట్టుకున్న ఉపాయం. గ్రామాల మీద పోలీసులు, సోదాలు, శిక్షలు. అయినా రెండేళ్లు అడవిలో అంతమంది ఏం తిని బతికారు? ఎవరో ఒకరు వండే ఉంటారు కదా. ఎవరి ఇంట్లోనో చోడి అంబలి ఒక కుండ ఎక్కువ కాగే ఉంటుంది. పిల్లలకి తగ్గించి, అడవిలోకి పంపే ఉంటారు. పొగ పైకి వస్తే పోలీసులు చూస్తారని రాత్రిపూట పొయ్యి వెలిగించుకున్న రోజులుంటాయేమో.

“నీ పుస్తకంలో ఆడవాళ్ల పేర్లెన్ని ఉన్నాయే?” అని అడిగాను పాపని.

చాలాసేపు వెతికింది. “అల్లూరి వాళ్లమ్మ సూర్యనారాయణమ్మ” అంది. ఇంకాసేపు తిరగేసి, “ఇంకెవరూ కనిపించట్లేదమ్మా” అంది.

మంప నుంచి కృష్ణదేవిపేట దాకా

ఆ రాత్రి లంబసింగిలో పడుకుని, మర్నాడు కొండ దిగి కొయ్యూరు వైపు తిరిగాం. పచ్చటి కొండల మధ్య మెలికలు తిరిగే దారి. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా వెళ్లే 516ఈ జాతీయ రహదారి ఈ కొండల గుండానే పోతుంది. ఆనాటి యుద్ధభూమికి ఇవాళ ఇదే పెద్ద దారన్నమాట. ఆ దారి వెంట ఉన్న మన్యం 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. మన అనకాపల్లి జిల్లా పుట్టింది కూడా ఆ రోజే.

కొయ్యూరు దగ్గర్లో మంప. చిన్న ఊరు. 1924 మే 7 ఉదయం ఇక్కడి చెరువు దగ్గరే అల్లూరి పట్టుబడ్డాడు. కొయ్యూరుకి తీసుకెళ్లారు. విచారణ లేదు, కోర్టు లేదు. మేజర్ గుడాల్ చెట్టుకి కట్టించి కాల్పించాడు. 1897 జూలై 4న పాండ్రంగిలో పుట్టిన మనిషికి అప్పటికి ఇంకా ఇరవై ఏడు నిండలేదు. మా చిన్న మరిది వయసు!

చిన్నప్పుడే భర్త పోతే ముగ్గురు పిల్లల్ని పెంచుకొచ్చిన తల్లి సూర్యనారాయణమ్మ. పెద్ద కొడుకు చదువు నిలవలేదు, సన్యాసిలా కొండలెక్కాడు. ఎప్పటికైనా తిరిగొచ్చి ఉద్యోగం చేసుకుంటాడని ఏ తల్లికైనా ఆశ ఉండదా? ఆ చెరువు గట్టు మీద నిలబడితే నాకు ఆవిడే గుర్తొచ్చింది.

శవాన్ని కృష్ణదేవిపేట తీసుకొచ్చారు. తాండవ ఒడ్డున ఇప్పుడు స్మారక వనం ఉంది. అల్లూరి సమాధి, గాం గంటం దొర సమాధి అక్కడే. గంటం దొర 1924 జూన్‌లో చనిపోయాడు. మల్లు దొర అంతకుముందే 1923 సెప్టెంబరులో పట్టుబడి అండమాన్ జైలుకి వెళ్లాడు. స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో మొదటి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు. రెండణాల కూలికి రాళ్లు మోసిన కొండల నుంచి పార్లమెంటు దాకా వెళ్లిన మనిషి. మన స్కూలు పుస్తకాల్లో ఆయన గురించి ఇంకో నాలుగు వాక్యాలుంటే బాగుణ్ణు కదూ?

సమాధుల దగ్గర నిశ్శబ్దంగా ఉంది. మా బాబు కూడా అల్లరి చెయ్యలేదు. అత్తగారు చెప్పులు విప్పి, మోకాళ్ల నొప్పితోనే వంగి, గంటం దొర సమాధి మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉన్నారు. లేస్తున్నప్పుడు నేను పట్టుకున్నాను.

“సినిమాలో చూసి ఏడ్చాను అమ్మాయ్” అన్నారు. “థియేటర్లో కూర్చుని ఆ బాస్టియన్‌ని తిట్టుకున్నాను కూడా. మా తాతా ఆ పనిలోనే ఉన్నాడని ఒక్కసారి తట్టలేదు చూడు.”

తిరుగు ప్రయాణంలో గొలుగొండ మీదుగా నర్సీపట్నం చేరాం. దామనపల్లిలో చనిపోయిన ఆ ఇద్దరు ఇంగ్లీషు అధికారుల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. ఎక్కడో పుట్టి, ఇక్కడి మట్టిలో కలిసిపోయారు. వాళ్లకీ తల్లులుంటారు. తప్పు ఎవరిదో చరిత్ర చెబుతుంది. ఏడుపు మాత్రం రెండు వైపులా ఆడవాళ్లదే.

గుండిగ మళ్లీ దిగింది

ఇంటికొచ్చాక అత్తగారు ఆ విషయం ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు. తాతగారు నిజంగా ఏ రోడ్డు పనిలో ఉన్నారో, ఏ ఏడాదిలోనో, ఎవరికి ఎంత కూలి రాశారో చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఆయన మంచివాడే అయ్యుండొచ్చు. రెండణాలిచ్చి ఆరణాలని రాయమంటే, పిల్లలు గలవాడు కాబట్టి తలవంచుకుని రాసి ఉండొచ్చు. అసలు ఆ పని ఆయన చేసే ఉండకపోవచ్చు. మన ఇళ్లల్లో ఉన్న పాత ఇత్తడిలో ఎవరి చెమట ఎంతుందో తూచి చెప్పగలిగేది ఎవరు?

సంక్రాంతి వచ్చింది. గుండిగ దింపాం, తోమాం, పాకం పట్టాం. ఆడపడుచు పిల్లలు కూడా వచ్చారు. అందరూ పొయ్యి చుట్టూ చేరారు. నాకు లోపల ఒకటే గుబులు. అత్తగారు ఈసారి ఏమంటారో! ఏమీ అనకపోతే అదింకా కష్టం. పదహారేళ్లుగా పండగంటే ఆ మాట కూడా కదా.

చిన్నది అడిగేసింది. “అమ్మమ్మా, ఇది మీ తాత రోడ్డు వేయించి కొన్నదేనా?”

అత్తగారు గరిటె తిప్పడం ఆపలేదు.

“మా తాత లెక్క రాశాడమ్మా. రాళ్లు మోసి రోడ్డు వేసింది కొండవాళ్లు. ఒకావిడ కడుపుతో ఉండి మోసింది” అన్నారు. తర్వాత పాకం చుక్క నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ కట్టి చూసి, “వచ్చేసింది, పిండి పోయండి” అన్నారు.

ఈ ఏడాది మా ఇంటి అరిసెల డబ్బా ఒకటి లంబసింగి వెళ్లింది. ఆ పెద్దావిడ గోనె దగ్గరికి. అదేదో పెద్ద పని చేసినట్టు చెప్పడం లేదు. డబ్బా అరిసెలతో తీరే బాకీ కాదది. అత్తగారు పంపమన్నారు, మావారు ఇచ్చొచ్చారు, అంతే. ఆవిడ డబ్బా ఖాళీగా పంపకూడదని పసుపు కొమ్ములు పోసి పంపింది.

మీరూ వెళ్లాలనుకుంటే...

* నవంబరు నుంచి జనవరి దాకా మంచి కాలం. మంచు సముద్రం చూడాలంటే సూర్యోదయానికి ముందే లంబసింగి చేరాలి. చీకట్లో, మంచులో ఘాట్ ఎక్కడానికి అలవాటున్న డ్రైవరు ఉంటేనే బయల్దేరండి. ఆడవాళ్లే వెళుతుంటే ముందురోజే వెళ్లి పడుకోవడం మేలు.

* సొంత బండి లేకపోతే నర్సీపట్నం దాకా వెళ్లి, అక్కడి నుంచి చింతపల్లి వైపు వెళ్లే ఆర్టీసీ బస్సు ఎక్కితే లంబసింగిలో దిగొచ్చు.

* పిల్లలకి, పెద్దవాళ్లకి చెవులు కప్పే టోపీలు, మేజోళ్లు తప్పనిసరి. మలుపుల్లో వాంతులయ్యే వాళ్లుంటే నిమ్మకాయ, అల్లం మురబ్బా దగ్గరుంచుకోండి. ఖాళీ కడుపుతో ఎక్కకండి, నిండుగానూ తినకండి.

* లంబసింగితో ఆగిపోకండి. తిరిగొచ్చేటప్పుడు కొయ్యూరు, మంప, కృష్ణదేవిపేట మీదుగా రండి. పిల్లలకి పుస్తకంలో రెండు పేజీల పాఠం అక్కడ కళ్లకి కడుతుంది.

* రాజ్‌మా, మిరియాలు, పసుపు, కాఫీ పొడి, చీపుర్లు అక్కడే కొనండి. రోడ్డు పక్క గోనె పరుచుకున్న వాళ్ల దగ్గర కొంటే మరీ మంచిది. పది రూపాయల కోసం గీసి గీసి బేరమాడకండి.

* ఫొటో తీసేముందు అడగండి. మన వాకిట్లోకి వచ్చి ముక్కూ ముఖం తెలియని వాళ్లు ఫొటో తీస్తే మనం ఊరుకుంటామా?

* తీసుకెళ్లిన ప్లాస్టిక్కు తిరిగి తెచ్చేయండి. అడ్డాకుల విస్తళ్లు పుట్టిన చోటికి ప్లాస్టిక్ ప్లేట్లు మోసుకెళ్లడమేమిటి చెప్పండి!